ఉద్యోగము దొరికిన మరునాడు

మన కుటుంబములలోని పిల్లవాడో, పిల్లయో సర్కారు కొలువునకు ఎన్నికయైనప్పుడు సంఘ భవనమున చిన్న సభ చేయుట, పూలదండ వేయుట, ఈ పత్రికలో పేరు ప్రకటించుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఆచారము మంచిదే. కాని ఆ దండ వాడిన మరునాటి నుండి ఆ పిల్లవాడు ఆఫీసులో ఎట్లు నెగ్గుకొని వచ్చుచున్నాడని అడుగువారు అరుదు. నియామకపు ఉత్తరువు చేతికి వచ్చుటతో పని ముగిసినదని తలంచుట, తాళి కట్టుటతో కాపురము ముగిసినదని తలంచుట వంటిది. బరంపురము, పర్లాకిమిడి, గుణుపురము, రాయగడ, కోరాపుటు, జయపురములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారి పిల్లలు కొలువులో చేరుటకు పడు కష్టము ఒకటి. చేరిన పిదప పైకి వచ్చుటకు పడు కష్టము మరియొకటి. మొదటిదానిని గూర్చి మన సంఘములు వ్రాసిన అర్జీలు బీరువాల నిండ నున్నవి. రెండవదానిని గూర్చి ఈ వారము వ్రాయదలచితిమి.

మొదట మొదటిదానిని కొంచెము చెప్పక తప్పదు. ఒడిశా ప్రభుత్వోద్యోగ ప్రకటనలను చదువువారికి అందలి ఒక నిబంధన కంఠస్థమై యుండును. అభ్యర్థి ఒడియా మాటలాడుట, చదువుట, వ్రాయుట నేర్చి యుండవలెను. ఏడవ తరగతియందు గాని ఆపై తరగతులయందు గాని తుది పరీక్షలో ఒడియా భాషాపాఠముగ ఉత్తీర్ణుడై యుండవలెను. లేక ఒడియా మాధ్యమమున మెట్రిక్యులేషను ముగించి యుండవలెను. అదియు లేనిచో మిడిలు స్కూలు స్థాయి ఒడియా పరీక్ష వేరుగ వ్రాసి గట్టెక్కవలెను. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలకును, ఇచ్ఛాపురము, పలాస, టెక్కలి ప్రాంతములనుండి మన యిండ్లకు కోడండ్రై వచ్చిన పట్టభద్రురాండ్రకును ఈ కడపటి దారియే గతి. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవకుని పనికి కూడ పదవ తరగతి వరకు స్థానిక భాష చదివి యుండవలెనందురు. బ్యాంకు గుమాస్తా పనికి స్థానిక భాషలో పరీక్ష గలదు. మన తాతలు బెంగాలు నాగపూరు రైల్వేలో కుదిరి ఖుర్దారోడ్డు, ఖరగపూరు క్వార్టర్లలో సంసారములు సాగించిన కాలమున ఇంగ్లీషు వచ్చిన చాలెను. ఆ దారి నేడును మూసికొనలేదు గాని మిక్కిలి ఇరుకైనది.

ఈ విషయమున మనకు రక్షణలు లేవా యని అడుగుదురు. ఉన్నవి, వాని బలమెంతయో కూడ తెలిసికొనవలెను. రాజ్యాంగము 16వ అధికరణము ప్రభుత్వోద్యోగములలో మతము, జాతి, కులము, లింగము, వంశము, జన్మస్థలము, నివాసము కారణముగ భేదము చూపరాదని చెప్పుచున్నది. ఆ జాబితాలో భాష లేదు. సర్కారు విద్యాలయ ప్రవేశమును గూర్చిన 29వ అధికరణములో మాత్రము భాష కలదు. బడిలో మన పిల్లవానిని భాషను బట్టి త్రోసివేయరాదు. ఆఫీసు గుమ్మమున రాజ్యాంగము అంత స్పష్టముగ పలుకలేదు. రాష్ట్రముల పునర్విభజన జరిగిన 1956లో కేంద్ర ప్రభుత్వము అల్పసంఖ్యాక భాషల వారికొక రక్షణ పత్రము ప్రకటించినది. 1961లో ముఖ్యమంత్రుల సమావేశము దానిని స్థిరపరచినది. రాష్ట్రభాష వచ్చి యుండుట ఎన్నికకు ముందు షరతు కారాదనియు, ఎన్నికయైన పిదప ప్రొబేషను ముగియులోపల ఆ భాషలో పరీక్ష పెట్టవచ్చుననియు దాని సారాంశము. అల్పసంఖ్యాక భాషల కమిషనరు పదవి 1957లో ఏర్పడినది; ఆ కమిషనరు నివేదికలు పార్లమెంటు ముందుంచవలెనని 350-బి అధికరణము. కాని 1961 నాటి మాట ఒడంబడికయే గాని శాసనము కాదు. దానిని పట్టుకొని న్యాయస్థానమునకు పోయిన వానికి అది చేతికఱ్ఱ యగును గాని కత్తి కాజాలదు.

గాలి యెటు వీచుచున్నదో కూడ చూడవలెను. తమిళనాడులో 2021 డిసెంబరు ఉత్తరువుతో సర్వీసు కమిషను పరీక్షలలో తమిళ పత్రమున నూటికి నలువది మార్కులు రానివాని మిగిలిన పత్రములను దిద్దనే దిద్దరు. కర్ణాటకములో 2024 జూలైలో ప్రైవేటు సంస్థలలోని ఉద్యోగములకు సైతము కన్నడము ముడివేయు బిల్లును మంత్రివర్గము ఆమోదించి, గగ్గోలు పుట్టగా కొలది దినములలో ఆపివేసినది. మన భాషవారి ప్రభుత్వమే 2019లో ఆంధ్రప్రదేశమున కర్మాగారముల ఉద్యోగములలో నూటికి డెబ్బదియైదు స్థానికులకే యని చట్టము చేసినదని మరువరాదు. ఇచ్ఛాపురము, సోంపేట, మందస ప్రాంతముల ఒడియావారు అక్కడ తెలుగు కాగితములతో పడు పాటు మన పాటుకు అద్దములోని బొమ్మయే.

కావున అర్జీలు మానవలదు. కాని అర్జీకి ప్రత్యుత్తరము వచ్చువరకు పిల్లవాని వయోపరిమితి ఆగదు.

ఒక మాట నిష్కర్షగ చెప్పవలసి యున్నది. ఒడియా పరీక్షయే అన్యాయమనువారు మన పెద్దలలో కొందరు కలరు. వారితో మేమేకీభవింపము. తహశీలు కచేరికి కాగితము చేతబట్టుకొని వచ్చిన పల్లెటూరి రైతు తన భాషలో చెప్పినది అక్కడి గుమాస్తాకు తెలియవలెను. తెలియనిచో కష్టపడువాడు ఆ రైతు. 1936 ఏప్రిల్ 1వ తేది వరకు గంజాము మద్రాసు రాజధానిలో నుండెను. తాలూకా కచేరీలలో తెలుగు గుమాస్తాల పెత్తనము సాగుచుండెను. ఒడియా రైతు తన కాగితమును తెలుగువానిచే చదివించుకొనవలసి వచ్చిన దినములవి. 1903లో కటకమున ఉత్కళ సమ్మిళని పుట్టుటకు గల కారణములలో ఆ మనస్తాప మొకటి. నాడు మనవారు ఒడియా నేర్చుకొనుటకు పడని శ్రమను నేడు మన మనుమలు పడుచున్నారు. ఇందు చరిత్ర యొక్క వడ్డీ కొంత కలదు.

ఇక అసలు విషయము. నిరుడు మా దృష్టికి వచ్చిన యొక యువకుని సంగతి చెప్పెదము. ఊరు, ఆఫీసు చెప్పము. బి.కాం. చదివినవాడు, తెలివైనవాడు, జూనియరు గుమాస్తాగ చేరెను. వీధిలో ఒడియా గలగల మాటలాడును. కూరల బజారులో వాడు తెలుగువాడని యెవ్వరును కనిపెట్టలేరు. ఆఫీసులో మొదటి వారము ఒక ఫైలుపై నోటు పెట్టుమనిరి. వ్రాసెను. హెడ్డు గుమాస్తా దానిని పదిమంది యెదుట బిగ్గరగ చదివెను. గది యంతయు నవ్వెను. నాటినుండి అతనికి వచ్చిన తపాలు ఎక్కించు రిజిస్టరు అప్పగించిరి. పదునాలుగు మాసములు గడచినవి. అతడు నేటికిని ఆ రిజిస్టరే వ్రాయుచున్నాడు. ఎవ్వరును తిట్టలేదు, జీతము ఆపలేదు, అన్యాయము జరిగినదని వ్రాయుటకు ఒక కాగితమైనను లేదు. కాని ఫైలు చేతికి ఇయ్యనిదే నోటు వ్రాయుట రాదు. నోటు వ్రాయుట రానివానికి ఫైలు ఇయ్యరు. అయిదేండ్ల పిదప పై స్థానమునకు పేర్లు పరిశీలించునప్పుడు ‘ఇతనికి ఫైలు పని తెలియదు’ అనుట నిజమే యగును. ఆ నిజమును ఎవరు తయారు చేసిరో మాత్రము ఎక్కడను వ్రాసి యుండదు.

వీధి ఒడియా వచ్చినవానికి ఆఫీసు ఒడియా ఎందుకు రాదని ఆశ్చర్యపడువారికి కొన్ని ఉదాహరణములు. ఒడియా కాగితములో ‘ఆవేదన పత్ర’ మనగా దరఖాస్తు. మనకు ఆవేదన యనగా మనోవ్యథ. (ఉద్యోగమునకు తిరుగువానికి రెండర్థములును సరిపోవుననుట వేరు సంగతి.) ‘అవసర గ్రహణ’ మనగా పదవీ విరమణ, మన అవసరము వేరు. జిల్లాపాళుని ‘అభియోగ శుణాణి’ యనగా కలెక్టరు ప్రజల మొరలు వినుట. మనవాడు నేరారోపణ విచారణ యనుకొనును. ‘చేష్టా’ యనగా ప్రయత్నము, ‘ఉపన్యాస’ యనగా నవల. సంస్కృత పదములు రెండు భాషలకును సమానమే గదా యని నమ్మి వ్రాసినవాడే ఎక్కువగ బోల్తాపడును. వ్రాత సంగతి మరియు కష్టము. ఒడియాలో హ్రస్వదీర్ఘములు అక్షరములలో నున్నవి గాని పలుకులో దాదాపు లేవు. మన తెలుగు చెవి ధ్వనిని బట్టి వ్రాయుటకు అలవాటు పడినది. ఇకారమెక్కడనో ఈకారమెక్కడనో చెవి చెప్పజాలదు. అది కంటితో నేర్వవలసినది. మహాప్రాణములను మనము నోట అలక్ష్యము చేయుదుము, వారు చేయరు. ఈ నాలుగు విషయములు ఎఱిగిన బోధకుడు ఆరు మాసములు కూర్చుండి చెప్పిన ఆ యువకుని నోటు చూచి యెవ్వరును నవ్వరు. చెప్పువాడు లేకయే పదునాలుగు మాసములు పోయినవి.

హెడ్డు గుమాస్తా దుర్మార్గుడని మా భావము కాదు. నవ్వుట మానవ సహజము; మనమును నవ్వుదుము. ‘తెలెంగా’ యని వెనుకనుండి పిలుచుట కొందరికి ముల్లువలె గ్రుచ్చుకొనును. కటకములో ఒక పేటకు తెలెంగాబజారు అనియే పేరు, ఆ పేట వారెవ్వరును దానికి సిగ్గుపడుట లేదు. పేరును పట్టించుకొనవలదు. ఫైలును పట్టించుకొనవలెను. పై అధికారులను మనము అడుగవలసినది మిక్కిలి స్వల్పము. క్రొత్తవానికి మొదటి సంవత్సరమున వంతు ప్రకారము ఫైళ్ళు ఇండు. తప్పు వ్రాసినచో ఎఱ్ఱ సిరాతో దిద్ది వాని బల్లపై నుంచుడు; నలుగురి యెదుట చదువవలదు. శాఖాపరీక్షల ప్రకటనలు గోడపై అంటించుటయే కాక క్రొత్తవారికి చేతికి ఇండు. ఆ కాగితము ఆలస్యముగ చూచి గడువు తప్పినవారి మాట మేము పలుమారు వింటిమి. దీనికి చట్టము అక్కరలేదు, పైకము అక్కరలేదు. సంఘ ప్రతినిధులు అధికారులను కలిసికొన్నప్పుడు ఈ మాటలు చెప్పినచో పెక్కురు కాదనరని మా విశ్వాసము. ఏలనన మనము హక్కు పేర కలహమునకు పోవుట లేదు, వారి ఆఫీసులో పని చక్కగ జరుగు దారి చెప్పుచున్నాము.

సంఘము చేయవలసినది అంతకంటె ఎక్కువ. ఒడియా తరగతి నడుపవలెను. పాఠశాల ఒడియా కాదు, ఆఫీసు ఒడియా: నోటు, మెమో, ఉత్తరువు, లెక్కల కాగితము, ప్రజల అర్జీకి జవాబు. విశ్రాంతి తీసికొనిన ఒడియా హెడ్మాస్టరునో, కచేరి ఉద్యోగినో బోధకునిగ పెట్టవలెను. ఆయనకు నెల నెలకు వేతనము ఇయ్యవలెను. ధర్మమునకు నడుచు తరగతి దసరా సెలవులకు మూతపడి సంక్రాంతికి తెరువబడదు. ఇది మనము ఎఱుగని సంగతి కాదు. పెండ్లి భోజనములలో ఒక తీపి తగ్గించిన ఏడాది వేతనము వచ్చును. స్త్రీలకు వేరు వేళ అవసరము. రాత్రి ఏడు గంటలకు తరగతి పెట్టి కోడలు రాలేదనుట వంట ఎవరు చేయుదురో ఎఱుగనివారి మాట. శ్రీకాకుళము నుండి వచ్చిన బి.యస్.సి., బి.యెడ్. చదివిన కోడండ్రు మన వీధులలో నెందరో కలరు. ఒడియా అక్షరము రాదన్న ఒక్క కారణమున వారి చదువు వంటయింటి అటకపై నున్నది. ఆదివారము మధ్యాహ్నము వారికి అనుకూలము.

రెండవది, ఉద్యోగములో నలిగిన పెద్దలు. సర్కారు కొలువులో ఇరువది, ముప్పది యేండ్లు గడపిన తెలుగువారు ప్రతి ఊరనున్నారు. వారిలో కొందరు తమ కష్టము తాము పడి పైకి వచ్చిరి గనుక, క్రొత్తవాడును అట్లే పడవలెనని తలంతురు. మరికొందరు ఆఫీసులో తెలుగు మాటలాడుటకే జంకుదురు. కుర్రవానిని చేరదీసినచో తమవారి పక్షము వహించిరను మాట వచ్చునని వారి భయము. పక్షము వహింపుమని మేము కోరము. సెలవు నిబంధన ఎట్లున్నది, సర్వీసు పుస్తకములో ఏమి ఎక్కినదో ఎప్పుడు చూచుకొనవలెను, ఏ పరీక్ష ఏ మాసమున వచ్చును, నోటుకు ముందు పాత ఫైలు ఎట్లు తిరుగవేయవలెను — ఈ మాటలు సాయంకాలము ఇంటి అరుగుపై చెప్పినచో చాలును. ఒక్కొక్క పెద్ద ఒక్కొక్క క్రొత్తవానిని ఏడాదిపాటు కనిపెట్టి యుండవలెను. ఒడియా పెద్ద యొకరు ఆ పనికి పూనుకొన్నచో మరియు మంచిది. అట్టివారు కలరు, మనము అడుగుట లేదు.

ఒడియాలో ఇంత మునిగిన పిల్లలకు తెలుగు పోవునని బెంగపెట్టుకొను వారికొక పేరు గుర్తుచేసెదము. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు గారు కొండలలోని సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణము, నిఘంటువు కూర్చిరి. అందువలన ఆయన తెలుగు తరిగినదా? తెలుగు వ్రాత గతినే మార్చిన మనిషి ఆయన. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరగా ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆయన వెడలిరి, మన తాతలు నిలిచిరి. నిలిచినవారి మనుమలకు ఇంటిలో తెలుగు, కచేరిలో ఒడియా రెండును కావలెను. ఇంటిలో తెలుగు పోవుచున్నచో దానికి కారణము తరగతిలోని ఒడియా కాదు, టి.వి. ముందు కూర్చున్న తలిదండ్రుల మౌనము.

ఇప్పుడు మన కొట్ల సంగతి. ఈ పత్రిక చదువువారిలో పలువురు వర్తకులు. మేమును కొట్టు నడుపువారమే గనుక ఈ మాట మొగమాటము లేకుండ చెప్పెదము. మన బట్టల కొట్లలో, కిరాణా కొట్లలో, గోదాములలో ఒడియా కుర్రవాండ్రు, కొండలనుండి దిగివచ్చిన సవర, కంధ కుర్రవాండ్రు పనిచేయుచున్నారు. అక్కడ పెద్దభాష మనది, అల్పసంఖ్యాకుడు వాడు. పదియేండ్లు చేసినను వాడు బేళ్ళు దింపువాడే, తాను విప్పి చూపువాడే. గల్లాపెట్టె దగ్గరకు రాడు, సరుకు కొనుగోలునకు రాడు. ఏలనన పూర్వము చిట్టా, ఆవర్జా తెలుగులో నున్నవి, వానికి తెలియవు అనెడివారము. 2017 జూలైలో జి.యస్.టి. వచ్చినది మొదలు లెక్కలు కంప్యూటరులో ఇంగ్లీషున నడచుచున్నవి. వాడు పదవ తరగతి చదివినవాడే. అయినను గల్లాపెట్టె వానికి దూరమే. నిన్న ఊరినుండి వచ్చిన బావమరది కొడుకు నేడు బిల్లు కొట్టును. బేరము వేళ యజమాని, గుమాస్తా తెలుగులో గుసగుసలాడుకొందురు. వాడు తన్ను గూర్చియే యనుకొనును. ఒక్కొక్కప్పుడు తన్ను గూర్చియే.

రిజిస్టరుకు కట్టివేయబడిన మన గుమాస్తా యువకునికిని, బేలుకు కట్టివేయబడిన ఈ కుర్రవానికిని భేదమేమో మాకు కనబడదు. సర్కారు ఆఫీసులో మనకు ఫైలు ఇండని అడుగుటకు పోయినప్పుడు, ఆ అధికారి మన కొట్టులోనే నిన్న చీర కొని యుండును. ఎవరు బిల్లు కొట్టుచున్నారో, ఎవరు నిచ్చెన ఎక్కుచున్నారో ఆయన చూచి యుండును. గంజాము జిల్లానుండి సూరత్తు మరమగ్గములకు పోయిన ఒడియా కార్మికులు ఇల్లిల్లును ఉన్నారు; పరాయి భాష ఊరిలో పనివాడుగ నుండుట ఎట్టిదో ఈ జిల్లా ప్రజలకు మనకంటె బాగుగ తెలియును.

మన కొట్లలో మూడేండ్లు నిండినవానికి బిల్లు కొట్టుట నేర్పవలెను. అయిదేండ్లు నిండినవానిని సరుకు కొనుటకు సూరత్తు వెళ్ళునప్పుడు ఒకసారి వెంట తీసికొనిపోవలెను. వాడు నేర్చి వేరు కొట్టు పెట్టుకొనునని కొందరి భయము. పెట్టుకొననిండు. మనలో నెందరు పరుల కొట్టులో గుమాస్తాగిరి చేసి బోర్డు కట్టలేదు?

ఈ విషయములను వచ్చు కార్యవర్గ సమావేశమున మేము ప్రతిపాదింపనున్నాము. తరగతికి గదియు, బల్లలును భవనములోనే కలవు. బోధకుని వేతనమునకు వర్తక సభ్యులు ఏడాదికి సరిపడు చందా ముందుగనే వ్రాయవలెను, నెల నెల తిరిగి వసూలు చేయు ఓపిక ఎవ్వరికిని లేదు. ఒడియా పరీక్షకు కూర్చుండనున్నవారు, ప్రొబేషనులో నున్నవారు, చేరి రెండేండ్లయినను ఫైలు చేతికి రానివారు తమ పేరు, శాఖ, చేరిన తేది ఒక కాగితమున వ్రాసి కవరులో నుంచి కార్యాలయమున ఇయ్యవచ్చును. స్త్రీలు తమకు అనుకూలమగు వేళ కూడ వ్రాయవలెను. ఆ పేర్లు పత్రికలో ప్రకటింపము.